డాబుసరి మనుషులకు ఇంగ్లీషులో ఉన్న మాటలు: తెలుగులోకి తేవడం ఎలా?

కొన్నేళ్ళ క్రితం ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేశాను. అందులో ఒక విందు జరుగుతుంది. కొత్తగా డబ్బు చేసిన ఒకాయన ఆ విందుకు వస్తాడు. ఆయన్ని చూసి ఇంటి యజమానురాలు ‘జంప్డ్-అప్ లిటిల్ నోబడీ’ అంటుంది. ఆమె స్నేహితురాలు ‘సోషల్ క్లైంబర్’ అంటుంది. ఆ ఇంటి కుర్రవాడు ‘పోజర్’ అని నవ్వుతాడు. ఇంటికి తిరిగి వెళ్తూ ఆ వచ్చినాయన తన భార్యతో ‘వాళ్ళంతా స్నాబ్స్’ అంటాడు. నేను నిఘంటువు ముందు పెట్టుకుని అహంకారి, డాంబికుడు, గర్విష్ఠి, అహంభావి అని నాలుగు మాటలు వరసగా వేసేశాను. అచ్చుకు ముందు ఆ ప్రతి చదివిన ఒక పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: “నలుగురూ ఒకే తిట్టు తిడుతున్నారేమిటి?”

ఆయన అడిగింది నిజమే. ఆ నాలుగు ఇంగ్లీషు మాటలూ ఒక్క అర్థానికి నాలుగు పేర్లు కావు. ఒక్కొక్కటీ ఒక్కో చోట నిలబడి చూసిన చూపు. అర్థం తెచ్చాను, చూపు వదిలేశాను. అప్పటినుంచి ఇలాంటి మాట ఎదురైతే నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. అనువాదం చేసేవాళ్ళకే కాదు, సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళకూ, ఇంగ్లీషు నవల చదువుతూ ‘ఈ మాటను మనవాళ్ళు ఏమంటారు?’ అని ఆగిపోయేవాళ్ళకూ ఇది పనికొస్తుందని నమ్ముతున్నాను.

మొదటి మెట్టు: అంటున్నది ఎవరు, ఎక్కడ నిలబడి?

నిఘంటువు తెరవడానికి ముందే ఇది తేల్చుకోండి. పైన ఉన్నవాళ్ళు కిందికి చూస్తూ అనే మాటలు కొన్ని: అప్‌స్టార్ట్, పార్వెన్యూ, జంప్డ్-అప్, జానీ-కమ్-లేట్లీ. వీటన్నిటిలో ఉన్న బాధ ఒకటే, మన వరసలోకి వీడెలా వచ్చాడని. కిందున్నవాళ్ళు పైకి చూస్తూ అనే మాటలు ఇంకొన్ని: స్నాబ్, స్టక్-అప్, టాఫీ-నోజ్డ్, హై అండ్ మైటీ. మనల్ని మనుషుల్లా చూడరన్న నొప్పి వీటిలో ఉంటుంది. పక్కన నిలబడి గమనించేవాళ్ళు అనేవి మూడో రకం: సోషల్ క్లైంబర్, నేమ్-డ్రాపర్, వానబీ, పోజర్, టోడీ.

అహంకారి అన్న మాటకు ఈ మూడు దిక్కుల్లో ఏదీ తెలియదు. అది ఎవరైనా ఎవరినైనా అనగలిగిన మాట. అందుకే దాన్ని వాడిన ప్రతిసారీ వాక్యం చప్పబడుతుంది.

ఇక్కడ తెలుగుకున్న ఒక గొప్ప సదుపాయాన్ని మనం సరిగ్గా వాడుకోం. ఇంగ్లీషులో ‘హి’ ఒక్కటే. మనకు వాడు, అతను, ఆయన, వారు, ఆయనగారు ఉన్నాయి. పైనుంచి చూసే మనిషి నోట ‘వాడు’ అని పడితే సగం తిట్టు అయిపోయినట్టే. పక్కనుంచి చూసేవాళ్ళు దీనికి తలకిందులుగా చేస్తారు. గౌరవం పెంచి మరీ తిడతారు: “అయ్యగారు దిగారు”, “దొరగారికి మనతో మాట్లాడే తీరికెక్కడిది?”, “మహానుభావుడు ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నాడో!” ఇంగ్లీషు రచయిత విశేషణాలు పేర్చి తెచ్చిన ఎగతాళి మనకు ఒక్క ‘గారు’తో వస్తుంది. అందుకే ముందు సర్వనామం తేల్చుకోండి, తిట్టు సంగతి తర్వాత చూడవచ్చు. చాలాసార్లు విడిగా తిట్టు అక్కర్లేదనిపిస్తుంది.

రెండో మెట్టు: ఆ మాట ఏ కాలానిది?

స్నాబ్ అన్న మాటే తీసుకోండి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో దాని అర్థం చెప్పులు కుట్టేవాడని. కేంబ్రిడ్జి విద్యార్థుల నోట అది ఊళ్ళోవాడు, అంటే విశ్వవిద్యాలయానికి చెందనివాడు అయింది. ఆ తర్వాత గొప్పవాళ్ళను చూసి వాళ్ళలా ఉండాలని వెంపర్లాడేవాడు అయింది. ఇంగ్లీషు నవలాకారుడు థాకరే 1846లో ‘పంచ్’ అనే హాస్య పత్రికలో మొదలుపెట్టి, 1848లో పుస్తకంగా తెచ్చిన వ్యాసాలు ఈ అర్థాన్ని జనంలో స్థిరపరిచాయి. తనకన్నా తక్కువవాళ్ళను చిన్నచూపు చూసేవాడన్న ఇప్పటి అర్థం బలపడింది ఆ తర్వాతే. అంటే ఒకే మాట కింద ఉన్నవాడితో మొదలై పైన కూర్చున్నవాడి దాకా ఎక్కింది! పందొమ్మిదో శతాబ్దం నడిమి రచనలో స్నాబ్ కనిపిస్తే ‘పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు’ అన్న దారిలో ఆలోచించాలి. ఇప్పటి రచనలో అయితే చిన్నచూపు దారిలో. ఈ మాట ‘కులీనత లేనివాడు’ అనే లాటిన్ పదబంధం నుంచి వచ్చిందని చాలాచోట్ల రాస్తారు. అది కట్టుకథ, దాని ఆధారంగా అనువాదం అల్లకండి.

అప్‌స్టార్ట్ పదహారో శతాబ్దం నుంచీ ఉన్న మాట. 1592లో వెలువడిన ఒక కరపత్రం షేక్‌స్పియర్‌ను అప్‌స్టార్ట్ కాకి అని ఈసడించింది, ఇతరుల ఈకలతో సింగారించుకున్నాడని. పరాయి ఈకలు పెట్టుకున్న కాకి మనకూ తెలిసిన బొమ్మే కాబట్టి అలాంటి చోట బొమ్మను బొమ్మగానే తేవచ్చు.

జాకనేప్స్ కథ నాకు చాలా ఇష్టం. పదిహేనో శతాబ్దంలో సఫోక్ డ్యూక్ విలియం డి లా పోల్ చిహ్నంలో కోతిని కట్టేసే గొలుసూ మొద్దూ ఉండేవి. అందుకని శత్రువులు ఆయనకు జాకనేప్స్ అన్న కోతి పేరు తగిలించారు. ఆయన ముత్తాత హల్ రేవుపట్నంలో ఉన్ని వ్యాపారి. వ్యాపారి వంశం నాలుగు తరాల్లో రాజును శాసించే స్థాయికి రావడం పాత కులీనులకు మింగుడుపడలేదు. 1450లో ఆయన్ని చంపేశారు కానీ ఆ మాట మిగిలింది. ఇప్పుడు దాని అర్థం చిన్నా పెద్దా లేని కొంటెవాడు అన్నంతే. తెలుగులో కుప్పిగంతులు, కోతి వేషాలు అంటే అర్థంతోపాటు కోతి కూడా వచ్చేస్తుంది. ఇంత చక్కగా కుదిరే మాటలు అరుదు. కుదిరినప్పుడు వదలకండి.

టోడీ వెనక కప్ప ఉంది. సంతల్లో నాటు మందులమ్మేవాడి దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. విషమని జనం నమ్మే కప్పను తిన్నట్టు నటించేవాడు. యజమాని మందిచ్చి ‘బతికించేవాడు’. యజమాని గొప్ప కోసం కప్పనైనా మింగేవాడే టోడీ. మన కాకా పట్టేవాడు, భజనపరుడు, అడుగులకు మడుగులొత్తేవాడు, మోచేతి నీళ్ళు తాగేవాడు అందరూ ఇక్కడికే వస్తారు. వీళ్ళలోనూ తేడా చూడాలి. కాకా పట్టేవాడికి ఒక పని కావాలి, అది అయితే వెళ్ళిపోతాడు. మోచేతి నీళ్ళు తాగేవాడు అక్కడే పడి బతుకుతాడు. టోడీ ఈ రెండోవాడికే దగ్గర. బ్రౌన్-నోజర్ మొదటివాడు, పైగా బూతు వాసన ఉన్న సైనికుల మాట. దానికి ‘భజనపరుడు’ చాలదు. బూట్లు నాకడం దాకా దిగాల్సిందే.

బిగ్‌విగ్‌కు ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. పెద్ద పెద్ద సవరాలు పెట్టుకున్న ఒకప్పటి ఘనులనుంచి వచ్చింది. మన ‘పెద్ద తలకాయలు’ అచ్చంగా అదే.

మూడో మెట్టు: నామవాచకాన్ని క్రియ చేయండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఇంగ్లీషు మనిషికి ఒక ముద్ర వేసి వదిలేస్తుంది, క్లైంబర్, డ్రాపర్, హంటర్ అని. తెలుగువాళ్ళం ముద్ర వేయడంకన్నా ఆ మనిషి ఏం చేస్తాడో చెబుతాం. సోషల్ క్లైంబర్‌కు ‘సామాజిక అధిరోహకుడు’ అని రాస్తే పాఠకుడికి పర్వతారోహణ గుర్తొస్తుంది. ‘సమాజపు నిచ్చెన ఎక్కేవాడు’ అన్నా లాభం లేదు. మన భాషలో ఆకాశానికి నిచ్చెనలు వేయడమంటే జరగని పనికి ఆశపడడం. ఆ మాటలో సోషల్ క్లైంబర్ లెక్కలూ ఎత్తులూ ఏవీ ఉండవు. క్రియతో చెప్పి చూడండి:

“ఎక్కడ పెద్దవాళ్ళుంటే అక్కడ వాలతాడు.”
“వాళ్ళతో రాసుకుపూసుకు తిరగాలని తాపత్రయం.”
“ఒకళ్ళని పట్టుకుని ఇంకొకళ్ళ దగ్గరికి ఎగబాకే రకం.”

‘ఎగబాకడం’ ఇక్కడ బంగారం లాంటి మాట. ఎక్కడంలో హుందాతనం ఉంది. ఎగబాకడంలో చేతులూ కాళ్ళూ కనిపిస్తాయి. రాసుకుపూసుకు తిరగడం హాబ్‌నాబ్‌కు కూడా సరిపోతుంది. అంటకాగడం ఇంకొంచెం ఘాటు, చెడు సావాసం అన్న ఛాయ ఉంటుంది కాబట్టి చూసి వాడాలి.

నేమ్-డ్రాపర్‌కు మనకు నామవాచకం లేదు, లేనందుకు బాధపడక్కర్లేదు. ‘పేర్లు రాల్చేవాడు’ ఎవరికీ అర్థం కాదు. “మాటకు ముందు ఒక పెద్దమనిషి పేరు, మాటకు వెనక ఇంకో పెద్దమనిషి పేరు” అనవచ్చు. అంతకన్నా మంచి దారి, ఆ మనిషి చేత మాట్లాడించడమే: “ఆయనా? మనవాడే! మొన్న కూర్చున్నప్పుడు కూడా ఇదే చెప్పాను.” ఆ ‘మనవాడే’ విన్న తెలుగు పాఠకుడికి ఇక వివరణ ఏమీ అవసరం లేదు. అయితే మూలంలో లేని సంభాషణ మీరు కల్పించకూడదు. అక్కడ ఆ పాత్ర మాట్లాడుతున్నప్పుడే ఈ పని చేయాలి.

నామవాచకమే కావాల్సిన చోట్లు ఉంటాయి, శీర్షికలూ, ముఖాన తిట్టే తిట్లూ. అక్కడ ‘రాయుడు’ ఆదుకుంటాడు. కోతలరాయుడు, గొప్పలరాయుడు, సోకులరాయుడు. ఇది ఇప్పటికీ బతికున్న ప్రత్యయం, కొత్తవి పుట్టించినా పాఠకుడు ఒప్పుకుంటాడు. బడాయికోరు, ఎచ్చులమారి కూడా ఉన్నాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇవి నవ్వుతూ తిట్టే మాటలు. పగతో రగిలే పాత్ర నోట పెడితే పగ చల్లారిపోతుంది.

నాలుగో మెట్టు: శరీరం ఎక్కడ కదులుతోంది?

ఇంగ్లీషు గర్వం ముక్కులో ఉంటుంది. టాఫీ-నోజ్డ్, ముక్కు మీదుగా చూడడం, ముక్కు గాల్లో పెట్టడం. తెలుగులో ముక్కు మీద ఉండేది కోపం. ముక్కును ముక్కుగా అనువదిస్తే గర్విష్ఠి కాస్తా కోపిష్ఠి అయిపోతాడు. మన గర్వం కళ్ళలో ఉంటుంది: కళ్ళు నెత్తికెక్కాయి, కళ్ళు కనబడడం లేదు, మనం వాళ్ళ కంటికి ఆనం. ఈ చివరిది స్నాబ్‌కు నాకు దొరికిన అన్నిటికన్నా మంచి మాట. చూపు ఉంది కానీ మనిషి ఆనడం లేదు. స్నాబ్ చేసే పని సరిగ్గా అదే.

పాదాల దగ్గర మాత్రం రెండు భాషలూ కలుస్తాయి. ‘టూ బిగ్ ఫర్ హిజ్ బూట్స్’ అంటే బూట్లలో పట్టనంత పెద్దవాడయ్యాడని. మనం “కాలు నేల మీద ఆనడం లేదు” అంటాం. బొమ్మ వేరు, అవయవం ఒకటే, ఎత్తిపొడుపూ ఒకటే.

ఐదో మెట్టు: డబ్బా, హోదా, రెండూనా?

నూవో రీష్, పార్వెన్యూ, ఆరివీస్ట్ మూడూ ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వచ్చినవే. నూవో రీష్‌ది డబ్బు గొడవ. పార్వెన్యూ అంటే మాటకు మాట ‘చేరుకున్నవాడు’, డబ్బో పదవో ఏదో ఒకటి పట్టుకుని పై వరసలోకి వచ్చాడు కానీ అక్కడి నడత అలవడలేదు. ఆరివీస్ట్ ఇంకా దారిలోనే ఉన్నాడు, చేరడానికి ఏమైనా చేస్తాడు.

నూవో రీష్‌కు తెలుగులో నడమంత్రపు సిరి ఉండనే ఉంది. ఇందులో తీర్పు కూడా ఉంది, ఇది నిలిచే సిరి కాదని. పత్రికల్లో రాసే నయా సంపన్నుల్లో ఆ తీర్పు తక్కువ. “కొత్తగా డబ్బు చేసింది” అనడంలో దాదాపు లేదు. మూల రచయిత ఎంత ఈసడిస్తున్నాడో చూసి ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోండి. పార్వెన్యూకు ‘అంతస్తు’ అన్న మాట చుట్టూ వెతకండి. అది హోదా, అదే మేడలో అంతస్తు కూడా. “అంతస్తు వచ్చింది కానీ ఆ నడత రాలేదు” అంటే పార్వెన్యూ చాలావరకు వచ్చినట్టే.

‘కీపింగ్ అప్ విత్ ద జోన్సెస్’ 1913లో మొదలైన ఒక అమెరికన్ కామిక్ స్ట్రిప్ పేరు. పక్కింటివాళ్ళకు తీసిపోకూడదని పడే ఆరాటం. జోన్స్‌లను వదిలేసి “పక్కింటివాళ్ళు కొన్నారని మనమూ” అన్న ధోరణిలో రాస్తే చాలు. ఆరాటం అప్పుల దాకా వెళ్తే ‘మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె’ సరిపోతుంది.

సామెతల విషయంలో మాత్రం చెయ్యి బిగపట్టండి. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాట్ట, కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, ఇలాంటివి నోటికొచ్చేస్తాయి. రెండోది జానీ-కమ్-లేట్లీకి చాలా దగ్గర కూడా. కానీ లండన్ విందులో వరసగా మూడు తెలుగు సామెతలు వినిపిస్తే ఆ గది లండన్‌లో ఉండదు. గిరీశం లాంటి పేరు వాడినా అంతే, ఆయన వెంట విజయనగరం మొత్తం వచ్చేస్తుంది. సామెత ఆ పాత్ర స్వభావంలోంచి రావాలి. ఊతపదాల్లా సామెతలు వాడే పాత్ర అయితే సరే.

పుట్టగొడుగు ఇంకో ఉచ్చు. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు మష్రూమ్ అంటే రాత్రికి రాత్రి పైకొచ్చినవాడు. మనకు పుట్టగొడుగుల్లా పుట్టుకురావడం ఉంది కానీ అది సంఖ్య గురించి చెప్పే మాట, గుంపులుగా వచ్చారని. ఒక్క మనిషికి అంటించి చూడండి, అతకదు.

ఆరో మెట్టు: పుట్టుక మీదికి వెళ్తున్నారా?

అప్‌స్టార్ట్, జంప్డ్-అప్ లాంటివి ఇంగ్లీషులోనే పుట్టుకను ఎత్తిచూపే మాటలు. తెలుగులో పుట్టుక అనగానే కులం వచ్చి కూర్చుంటుంది. కులాన్నో వృత్తినో పట్టుకుని పుట్టిన తిట్లు మనకు చాలా ఉన్నాయి. మూలంలో లేని కులాన్ని అనువాదంలో తేవడం తప్పు, బాధపెట్టే తప్పు. ‘భట్రాజు పొగడ్తలు’ లాంటిది కూడా ఒక సమాజం పేరే కాబట్టి నేను వాడను. కాలాన్ని పట్టుకుంటే ఈ చిక్కు తప్పుతుంది. “నిన్నగాక మొన్న”, “ఇంకా నాలుగు రోజులు కాలేదు”, “ఎక్కడినుంచి ఊడిపడ్డాడో”. ఈసడింపు తగ్గదు, ఎవరి పుట్టుకా మధ్యలోకి రాదు.

ఏడో మెట్టు: ఇప్పటి మాటలకు ఇప్పటి తెలుగు

పోజర్‌కు ఫోజు కొట్టడం, వానబీకి “పెద్ద హీరోలా ఫీలవుతున్నాడు”, సోషల్ మీడియాలో కనిపించే క్లౌట్ చేజర్‌కు “లైకుల కోసం ఏమైనా చేస్తాడు”. బిల్డప్, ఓవరాక్షన్, “అంత సీన్ లేదు” ఇవన్నీ ఇప్పుడు తెలుగు మాటలే. వీటిని అచ్చులో పెట్టడానికి జంకకండి. పాత కాలపు కథలో మాత్రం సీన్, బిల్డప్ రానివ్వకూడదు. అక్కడ డాబు, దర్పం, భేషజం, పటాటోపం ఉన్నాయి.

ఇక ఆ విందు దగ్గరికి వెళ్దాం. పెద్దాయన ప్రశ్న తర్వాత నేను ఆ నాలుగు మాటలనూ మళ్ళీ రాశాను.

యజమానురాలు: “నిన్నగాక మొన్న నాలుగు డబ్బులు కళ్ళజూశాడో లేదో, అప్పుడే మన సరసన కూర్చునేంతవాడయ్యాడు!”

స్నేహితురాలు: “ఎక్కడ పెద్దవాళ్ళుంటే అక్కడ వాలతాడు. ఇవాళ మీ ఇల్లు, రేపు ఇంకా పెద్ద ఇల్లు.”

కుర్రవాడు: “ఫోజులు చూడు! అంత సీన్ లేదు.”

ఆయన, భార్యతో: “మనం వాళ్ళ కంటికి ఆనలేదు.”

నాలుగింటిలో ఒక్క నామవాచకం ముద్ర కూడా లేదు. స్నేహితురాలి మాటలో రెండో వాక్యం మూలంలో లేదు, దాన్ని తర్వాత కొట్టేశాను. మొదటి వాక్యమే ఆ పని చేస్తున్నప్పుడు రెండోది నా సొంత కవిత్వం అవుతుంది. చివరిదాన్ని రాయడానికి రెండు రోజులు పట్టింది. ముందు “వాళ్ళకు మనమంటే చిన్నచూపు” అని రాశాను. తప్పు లేదు కానీ అది ఎవరో విశ్లేషించి చెప్పినట్టుంది. అవమానపడి ఇంటికి వెళ్తున్న మనిషి విశ్లేషించడు.

చివరి మెట్టు: పైకి చదివి వినండి

ఈ మాటల్లో చాలావాటికి శబ్దమే సగం బలం. హైఫలూటిన్ అంటుంటేనే నోరు ఉబ్బుతుంది. పటాటోపం కూడా అంతే, ఆడంబరం అంతగా ఉబ్బదు. అందుకని అర్థాలు దగ్గరగానే ఉన్నా నేను పటాటోపాన్నే ఎంచుకుంటాను. హాయిటీ-టాయిటీలో ఉన్న ప్రాస కోసం చాలాకాలం వెతికాను. గర్విష్ఠి, పొగరుబోతు, మిడిసిపాటు, ఏవీ ఆ మూతి తిప్పుడును తేలేదు. ఒకరోజు పక్క గదిలో ఎవరో ఎవరి గురించో “ఆ టెక్కూ ఆ నిక్కూ చూశావా!” అంటుంటే వినబడింది. లేచి వెళ్ళి ఆ మాటను నా నోటుపుస్తకంలో రాసుకున్నాను.